విడిచిన బట్టల వర్తకం

చరిత్ర పుస్తకాల్లో వర్తకమంటే కొత్త సరుకుల వర్తకమే. మిరియాలు, పట్టు, నీలిమందు, మిల్లు బట్ట - వీటి ప్రయాణాలనే మనం పాఠాలుగా చెబుతున్నాం. ఒకరు తొడిగి విడిచిన బట్ట సముద్రం దాటి మరొకరి ఒంటికి చేరితే మాత్రం అది వర్తకంగా కాక దానధర్మంగా కనిపిస్తుంది. మన పల్లెల్లో ఆసామి విడిచిన చొక్కా పాలేరుకు దక్కితే దాన్ని ఔదార్యమన్నారే గాని, కూలి లెక్కలో భాగమని ఎవరన్నారు? దేశాల మధ్యా ఇదే మాట చెల్లుతున్నది. నిజానికి ఇది లాభనష్టాల వ్యాపారం. అందులో సరిహద్దును తెరిచే అధికారం, మూసే అధికారం బలవంతుడి చేతిలోనే ఉంటూ వచ్చాయన్నది నా వాదం.

ఈ వ్యాపారం నిన్నమొన్నటిది కాదు. లండనులోని హౌండ్స్‌డిచ్‌లో 1843 నాటికే పాత బట్టల ఎక్స్ఛేంజి వెలిసింది. అక్కడ కొన్న బట్టలు ఐర్లండుకు, హాలెండుకు పోతుండేవని హెన్రీ మేహ్యూ 1851లో వర్ణించాడు. చిరిగి తొడగడానికి పనికిరాని ఉన్నిబట్టకు కూడా గిరాకీ పుట్టింది. యార్క్‌షైరులోని బాట్లీలో 1813లో బెంజమిన్ లా అనే అతను పీలికలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి మళ్ళీ నూలు వడికే పద్ధతి కనిపెట్టాడు. ఆ నూలుతో నేసిన బట్టకు షాడీ అని పేరు. పీలికల వర్తకానికి ఇంగ్లండు ప్రపంచ కేంద్రమైంది. 1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో మార్క్స్ ఈ సంగతిని వదిలిపెట్టలేదు. జపాను, దక్షిణ అమెరికాల నుంచి సైతం వచ్చి పడే ఆ పీలికలను ఏరే ఆడకూలీలు మశూచికానికి మొదట తామే బలియైపోతున్నారని ఎత్తి చూపాడు. సరుకు ఎల్లలు దాటింది. దానితోపాటు రోగమూ దాటింది.

ఆ పని తరువాత మన దేశానికి చేరింది. హర్యానాలోని పానిపట్టు షాడీ నూలుకు పెద్ద కేంద్రమైంది. పడమటి దేశాల కోట్లు, స్వెట్టర్లు బేళ్ళుగా అక్కడికి వస్తాయి. తొడగడానికి పనికివచ్చే పాత బట్టను దిగుమతి చేయాలంటే లైసెన్సు కావాలి. కోసి పాడుచేసి తెస్తే అది పీలికల కింద లెక్క. కత్తి పడకముందు బట్ట, పడ్డాక పీలిక - కస్టమ్స్ శాస్త్రం ఇంతే! దేశీయ బట్టల పరిశ్రమను కాపాడాలన్నది నియమం ఉద్దేశం. కాని ఆ బట్టలు రంగుల వారీగా ఏరి, గుండీలు ఊడదీసి, కత్తిపీటలపై కోసే ఆడవాళ్ళ కూలిని కాపాడే ఉద్దేశం అందులో లేదు. అక్కడ నేసిన కంబళ్ళు వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు సహాయ సామగ్రిగా మళ్ళీ దేశాలు దాటాయి. ఇక 1965లో నెలకొన్న కాండ్లా ఎగుమతి మండలం సంగతి. అది మన నేలమీదే ఉన్నా సుంకాల లెక్కలో పరాయి దేశం. విదేశాల పాత బట్టలను అక్కడ మన కూలీలు ఏరితే, వాటిలో చాలా భాగం ఆఫ్రికాకు పోతుంది.

తెలుగు పాఠాలు చెప్పే వృత్తి నాది. కనుక పేర్లమీద నా దృష్టి నిలుస్తుంది. ఈ బట్టలను స్వాహిలీలో మితుంబా అంటారు; బేళ్ళు అని అర్థం. జాంబియాలో సలౌలా, కుప్పలో కెలికి ఏరుకోవడం అని. ఘనాలో ఓబ్రోని వావు. చచ్చిన తెల్లవాడి బట్టలు అని. బతికున్నవాడు ఇంత మంచి బట్టను పారవేయడు గదా అన్న తలంపు ఆ పేరులో ఉందంటారు. కొనేవాళ్ళ కష్టమంతా ఈ మూడు పేర్లలో ఇమిడి ఉంది. చిల్లర వర్తకురాలు కట్టువిప్పని బేలును అప్పు చేసి కొంటుంది. లోపల మంచి చొక్కాలున్నాయో, మరకలు పడ్డ గుడ్డలున్నాయో విప్పేదాకా తెలియదు. నష్టం వస్తే సముద్రానికి ఆవలి వర్తకుడిని అడిగే దారి లేదు. అమ్ముడుపోని గుడ్డ ఆక్రా నగరపు కాలువల్లో, సముద్రతీరంలో పేరుకుంటుంది.

ఐతే ఆ దేశాలు తలుపు మూసుకోరాదా? మూయబోయాయి. 2016లో కెన్యా, ఉగాండా, టాంజానియా, రువాండాలతో కూడిన తూర్పు ఆఫ్రికా సముదాయం 2019 నాటికి పాత బట్టల దిగుమతిని మానుకోవాలని తీర్మానించింది. రువాండా కిలోకు 20 సెంట్లున్న సుంకాన్ని రెండున్నర డాలర్లకు పెంచింది. 2017లో అమెరికాలోని పాత బట్టల వర్తకుల సంఘం తమ ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. ఆఫ్రికా సరుకులకు సుంకంలేని ప్రవేశమిచ్చే 2000 నాటి చట్టాన్ని ఆ ప్రభుత్వం ఆయుధంగా ఎత్తింది. మిగిలిన మూడు దేశాలు వెనక్కు తగ్గాయి. తగ్గని రువాండా బట్టలకు 2018 జులైలో ఆ రాయితీ నిలిచిపోయింది. తాము విడిచిన బట్టను కొననన్న నేరానికి శిక్ష అది! స్వేచ్ఛా వాణిజ్యమన్న మాటకు అర్థం ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు.

పాత బట్టే ఆఫ్రికా మిల్లులను చంపిందని తేల్చివేయడం మాత్రం సులభమైన తీర్పు. అప్పుల షరతులకు లోబడి ప్రభుత్వాలు రక్షణ సుంకాలు ఎత్తివేయడం, చవక కొత్త బట్ట ముంచెత్తడం కూడా ఆ నేరంలో భాగస్వాములే. పైగా నిషేధం మొదట కొట్టేది బేలు విప్పి బతికే ఆడమనిషిని, కుట్టుపనివాడిని. 2025 జనవరి మొదట్లో ఆక్రాలోని కంటామాంటో బజారు తగలబడినప్పుడు వేలమంది బతుకుతెరువు ఒక్క రాత్రిలో బుగ్గి అయింది. తలుపు మూయడంతోబాటు లోపల మగ్గం, మిల్లు, కూలి నిలబెట్టని విధానం పేదవాడి చొక్కా ఊడదీయడమే అవుతుంది.

కాబట్టి పాత బట్ట మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ సరుకు రావాలో, ఏది రాకూడదో కొనే జనం నిర్ణయించుకోగలరా లేదా అన్నదే ప్రశ్న. నాటి బాట్లీలో, తరువాత పానిపట్టులో, కంటామాంటోలో కుప్పముందు కూర్చున్న మనిషి ఒక్కరే. ఆ మనిషి వైపునుంచి వర్తక చరిత్రను తిరగరాయవలసిన బాధ్యత మన విద్యార్థులది, మన అధ్యాపకులది.