క్రూజ్ టూర్: ఫస్ట్ టైమ్ షిప్ ఎక్కుతున్నారా..? బాల్కనీ క్యాబిన్‌కి డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి!

జూన్ నెలాఖరుకి చాట్రాయి, నూజివీడు వైపు తోటల్లో హడావిడి తగ్గిపోతుంది. రసాలు, బంగినపల్లి లోడ్లు వెళ్లిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే టైమ్ అది. విశాఖకు క్రూజ్ షిప్ వచ్చింది కూడా అదే సీజన్‌లో. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ షిప్ తొలిసారి విశాఖకు వచ్చి పుదుచ్చేరి, చెన్నై రూట్‌లో తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ ఓపెన్ అయింది. 2025లోనూ షిప్ వచ్చి వెళ్లింది.

దాంతో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు, 'అమ్మానాన్నని ఒకసారి ఎక్కిద్దాం' అని వెబ్‌సైట్ ఓపెన్ చేస్తున్నారు. అక్కడ నాలుగు రకాల గదులు, నాలుగు రేట్లు చూసి ఆగిపోతున్నారు. ఫొటోలో బాల్కనీ చూస్తే మనసు లాగుతుంది. రేటు చూస్తే గుండె జారుతుంది. మరి తీసుకోవాలా.. వద్దా..?

ముందు గదుల సంగతి. ఇంటీరియర్ అంటే కిటికీ ఉండదు, లైట్ ఆపితే పగలు కూడా చీకటే. ఓషన్ వ్యూ అంటే కిటికీ ఉంటుంది కానీ తెరుచుకోదు. బాల్కనీ గదికి గాజు తలుపు, బయట రెండు కుర్చీలు పట్టేంత చోటు ఉంటుంది. ఆపైన సూట్లు. ఎంప్రెస్‌లో బాల్కనీ కావాలంటే మినీ సూట్ లేదా అంతకంటే పై కేటగిరీ తీసుకోవాలి. ఈ షిప్ 1990లో ఫ్రాన్స్‌లో తయారైంది. ఆ రోజుల్లో గదిగదికీ బాల్కనీ పెట్టే అలవాటు ఇంకా పెరగలేదు. అందుకే దీంట్లో బాల్కనీ గదులు కొన్నే. సింగపూర్, దుబాయ్ వైపు తిరిగే కొత్త షిప్పుల్లో మాత్రం వందల కొద్దీ ఉంటాయి.

ఇప్పుడు అసలు పాయింట్. తొలిసారి ఎక్కేవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు.. బాల్కనీ ఉందా లేదా అన్నదానికంటే ముందు గది షిప్‌లో ఎక్కడుందో చూడాలి. ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూర్చుంటే ఎలా ఎగిరేస్తుందో తెలుసుగా..? షిప్‌కీ అంతే. ముందు కొస, వెనక కొస ఎక్కువ లేచి పడతాయి, మధ్య భాగం తక్కువ కదులుతుంది. ఎత్తు సంగతీ అలాంటిదే. గాలికి మామిడి చెట్టు చిటారు కొమ్మ ఊగినంతగా మొదలు ఊగదు. బాల్కనీ గదులు సాధారణంగా పై డెక్కుల్లోనే ఉంటాయి. పైగా జూన్, జులై అంటే నైరుతి రుతుపవనాల టైమ్, బంగాళాఖాతం ఎప్పుడూ ప్రశాంతంగా ఉండదు.

కాబట్టి బస్సెక్కితేనే వాంతులయ్యే అమ్మకి ముందు కొసన పై డెక్‌లో బాల్కనీ బుక్ చేస్తే.. ఆవిడ రెండు రోజులూ మంచం దిగకపోవచ్చు. అదే డబ్బులో సగానికి, కింది డెక్‌లో మధ్యలో ఓషన్ వ్యూ దొరికితే అది బెటర్. చల్లగాలి, దూరంగా కనిపించే సముద్రపు అంచు కడుపు తిప్పడాన్ని కొంత తగ్గిస్తాయన్నది నిజమే. కానీ వాటికోసం బాల్కనీయే అక్కర్లేదు. పైనున్న ఓపెన్ డెక్ అందరికీ ఫ్రీ. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ పైకి వెళ్లలేనివాళ్లు, జనంలో కూర్చోలేనివాళ్లు ఉంటే మాత్రం లెక్క మారుతుంది. వాళ్లకి గదిలోనే సముద్రం ఉండటం పెద్ద సుఖం.

రేటు లెక్క ఇలా వేయండి. వెబ్‌సైట్‌లో మొదట కనిపించే రేటు సాధారణంగా ఒక్కరికి, అదీ గదిలో ఇద్దరుంటారన్న లెక్కన. జీఎస్టీ, పోర్టు ఛార్జీలు, కొన్నిచోట్ల టిప్స్ చివరి పేజీలో కలుస్తాయి. రెండు గదులకీ ఆ చివరి పేజీ దాకా వెళ్లి తేడా చూడండి. ఆ తేడాని మీరు నిజంగా బాల్కనీలో కూర్చునే గంటలతో భాగించండి. రెండు రాత్రుల ట్రిప్ అంటే ఒక సాయంత్రం, మధ్యలో ఒక పగలు. భోజనాలు, షోలు తీసేస్తే ఎనిమిది గంటలు మిగిలాయనుకుందాం. తేడా 24 వేలు అయితే గంటకి 3 వేలు పడినట్టు! అది మీకు ఓకే అనిపిస్తే హాయిగా తీసుకోండి. ఐదారు రాత్రులు సముద్రంలోనే గడిచే ట్రిప్ అయితే బాల్కనీకే మా ఓటు.

బాల్కనీయే ఫిక్స్ అయితే డెక్ ప్లాన్ ఓపెన్ చేయండి. మీ గదికి సరిగ్గా పైన, సరిగ్గా కింద ఏముందో చూడండి. పైనా కిందా కూడా గదులే ఉంటే నిశ్చింత. పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు జరుపుతున్న చప్పుడు, కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డప్పుల మోత. ఎదురుగా లైఫ్‌బోట్ వేలాడే గదులూ ఉంటాయి, తక్కువ రేటుకి ఇస్తారు. బాల్కనీకి డబ్బు కట్టి పడవ అడుగు చూడటం ఎందుకు..? రెయిలింగ్ గాజుదా, ఇనుప రేకుదా అని కూడా అడగండి. రేకు అయితే కూర్చున్నప్పుడు ఏమీ కనిపించదు. గ్యారంటీ క్యాబిన్ అన్న ఆఫర్‌కి టెంప్ట్ అవ్వొద్దు, అందులో గది నంబర్ కంపెనీ ఇష్టం.

ఏ వైపు తీసుకోవాలి..? విశాఖ నుంచి చెన్నై, పుదుచ్చేరి వైపు వెళ్లేటప్పుడు షిప్ ముందుకి చూస్తే ఎడమ వైపు సముద్రం, కుడి వైపు మన తీరం. పొద్దు పొడవడం చూడాలంటే ఎడమ వైపు, సాయంత్రపు ఎండ కావాలంటే కుడి వైపు. తీరం దూరంగా ఉంటుంది కాబట్టి కుడి వైపు తీసుకుంటే కాకినాడ, మచిలీపట్నం కనిపిస్తాయని ఆశ పెట్టుకోవద్దు. తిరుగు ప్రయాణంలో ఇదంతా రివర్స్.

చిన్నపిల్లలుంటే బాల్కనీ తలుపు పై గడియ ఎప్పుడూ వేసే ఉంచండి, కుర్చీ రెయిలింగ్ దగ్గర పెట్టొద్దు. తడి తువ్వాళ్లు, చీరలు ఆరేయడం కుదరదు, గాలికి సముద్రంలోకే పోతాయి. చాలా షిప్పుల్లో బాల్కనీలో సిగరెట్ కాలిస్తే ఫైన్. ఇంట్లో చేసిన తిండి కూడా చాలా కంపెనీలు లోపలికి రానివ్వవు, కాబట్టి కొత్త ఆవకాయ సీసా సర్దే ముందు రూల్స్ చూసుకోండి. తుపాను హెచ్చరిక వస్తే రూట్ మార్చే హక్కు కంపెనీకి ఉంటుంది. రీఫండ్ షరతులు బుకింగ్‌కి ముందే చదవాలి. మన దేశంలోని పోర్టుల మధ్యే తిరిగే ట్రిప్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఆధార్ లాంటి ఐడీ చాలు. చెన్నై నుంచి శ్రీలంక వెళ్లే ట్రిప్ అయితే పాస్‌పోర్ట్ తప్పనిసరి.