కథలో ఇల్లాలు - సొంత నిర్ణయం



మధ్యాహ్నం పనులు తెమిలాక ఓ కథ చదువుకోవటం మనలో చాలామందికి అలవాటే. చదివి, పుస్తకం పక్కన పెట్టి, మళ్ళీ మన పనిలో పడిపోతాం. ఆ కథల్లోని ఆడవాళ్ళు నూరేళ్ళుగా ఏం కోరుతూ వచ్చారో ఎప్పుడైనా వరసగా గమనించారా? ఇవాళ మీతో ఆ సంగతి ముచ్చటిద్దామని.

మొదట భండారు అచ్చమాంబగారిని తలుచుకోవాలి. 1874లో పుట్టిన ఆవిడకు చిన్నప్పుడే పెళ్ళయింది. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూ వుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. అలా నేర్చినావిడ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే గ్రంథమే రాశారు. 1902లో బందరులో స్త్రీ సమాజం స్థాపించినవారిలో ఆవిడ ఒకరు. ఆ ఏడే 'హిందూ సుందరి' పత్రికలో ఆవిడ కథ 'స్త్రీవిద్య' వచ్చింది. కథంతా భార్యాభర్తల మాటలే. చదువుకోమని భర్త అంటాడు, నాకెందుకని భార్య అడ్డుచెబుతుంది. చివరికి ఒప్పుకుంటుంది. 1905లో, ముప్పై ఏళ్ళ వయసుకే, అచ్చమాంబగారు కన్నుమూశారు.

1910లో గురజాడవారి 'దిద్దుబాటు' వచ్చింది. అందులో కమలిని చదువుకున్న ఇల్లాలే. దారి తప్పుతున్న భర్తకు ఉత్తరం రాసిపెట్టి బుద్ధి చెబుతుంది. చూశారా, ఒక కథలో చదువుకొమ్మన్నది భర్త, రెండో కథలో ఆ చదువు అక్కరకొచ్చిందీ భర్తను దిద్దటానికే! అందులో తప్పేం లేదు. ఆ రోజుల్లో ఆ మాత్రం అనటమే సాహసం. కానీ ఆడది తనకోసం తాను ఏమడిగిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

దానికి జవాబు అబ్బూరి ఛాయాదేవిగారి కథల్లో దొరుకుతుంది. 'సుఖాంతం' కథలోని ఇల్లాలు కోరేది నగలూ కాదు, చీరలూ కాదు, కంటినిండా నిద్ర. చిన్నప్పటినుంచీ ఎవరో ఒకరి పనికోసం లేవవలసిందే. చివరికి ఆ నిద్ర ఆవిడకు మాత్రల్లో దొరుకుతుంది. కథ పేరు చూసి మోసపోకండి!

1974లో ఆవిడే 'బోన్సాయ్ బ్రతుకు' రాశారు. అంతగా చదువుకోని అక్కయ్య, ఉద్యోగం చేసుకునే చెల్లెలింటికి వస్తుంది. చెల్లెలు ముచ్చటపడి కుండీలో పెంచుకున్న తురాయి మొక్కను చూస్తుంది. బయట గాలిదుమారం రేగితే జనం పరుగెత్తి వీధిలోని పెద్ద తురాయి చెట్టు కింద తలదాచుకుంటారు. ఆ మొక్కా, ఈ చెట్టూ ఒకే జాతివి. అయినా కుండీలోదాన్ని మనం కాపాడాలి, నేలమీదిది మనల్ని కాపాడుతుంది. ఆ తేడా పెంపకంలోనే వుందని కనిపెట్టింది అంతగా చదువుకోని ఆ అక్కయ్యే!

మరి చదువొస్తే అంతా సరిపోతుందా? పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ చదవండి. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఈగ తన పేరు మరచిపోయిన కథ మన పిల్లలందరికీ తెలుసు. ఇక్కడ మరచిపోయింది ఇల్లాలు. పిల్లలకు అమ్మ, పనిమనిషికి అమ్మగారు, భర్తకు ‘ఏమోయ్’. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే, తను శారదననీ, బళ్ళో ఫస్టు వచ్చేదాన్ననీ, పాడేదాన్ననీ, బొమ్మలు వేసేదాన్ననీ గుర్తొస్తుంది. అచ్చమాంబగారి నాటి ఇల్లాలికి చదువు కావలసివచ్చింది. శారదకు ఆ చదువు వుండనేవుంది, పోయింది పేరు! ఇంటికి తిరిగొచ్చి, ఇకమీదట తన పేరుతోనే పిలవమంటుంది.

ఛాయాదేవిగారి 'తన మార్గం' కథలో భర్త పోయిన పెద్దావిడ, పిల్లలుండగానే ఒంటరిగా తన ఇంట్లో వుంటానంటుంది. పిల్లలమీద కోపంతో కాదు. తనకు నచ్చినట్టు తన రోజు గడుపుకోవాలని. ఈ కథ పేరే పెట్టిన సంపుటికి 2005లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

స్వేచ్ఛ అంటే ఇల్లు విడిచి వెళ్ళిపోవటమేనని కొందరు భయపడతారు, ఇంకొందరు భయపెడతారు. శారద ఇల్లు విడవలేదు. ఈ పెద్దావిడ అసలు ఇల్లు విడిచి రానంటుంది. ఇద్దరూ అడిగింది ఒకటే, తన సంగతి తాను నిర్ణయించుకునే హక్కు. నిద్ర, పేరు, సొంత గడప... చెప్పుకుంటే చిన్నవిగానే వుంటాయి. లేనివాళ్ళనడిగితే ఎంత పెద్దవో చెబుతారు.

వీలు చూసుకుని ఈ కథలు చదవండి. చదివాక మీ అమ్మాయికీ ఇవ్వండి, మీ అబ్బాయికీ ఇవ్వండి. ఇంట్లో పెద్దావిడ వుంటే, ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరైనా మిగిలారేమో ఓసారి అడిగి చూడండి.

సెలవు.