కొరమీను ఊపిరి

మే నెల వచ్చిందంటే మా భిలాయి తెలుగువాళ్ళలో ఒక మాట తిరుగుతుంది. ఈసారి చేపమందుకి ఎవరెవరు వెళ్తున్నారు? స్మృతి నగర్లో మా పక్కింటివాళ్ళది శ్రీకాకుళం వైపు. వాళ్ళ తొమ్మిదేళ్ళ బాబుకి ఉబ్బసం. ఒక సాయంత్రం ఆవిడ వచ్చి, "అన్నయ్యగారూ, మృగశిర కార్తెకి హైదరాబాదు టికెట్లు తీశాం. పిల్లాడి చేత ఆ పీల్చే మందు ఇప్పట్నించే మాన్పించేస్తాను. రెండు మందులూ కలిస్తే పడదంటున్నారు" అంది. నాకు గుండె గుభేలుమంది. టికెట్ల సంగతి ఎలా ఉన్నా, ఇన్‌హేలర్ ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

చేపమందు కథ మీకు తెలిసిందే. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి రహస్యం చెప్పాడని బత్తిని కుటుంబం చెబుతుంది. పసుపుపచ్చ ముద్దని బతికున్న కొరమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. అది గిలగిలలాడుతూ వెళ్ళి గొంతులో కఫం శుభ్రం చేస్తుందట! జనవిజ్ఞాన వేదిక మిత్రులు ఏళ్ళ తరబడి దీన్ని ప్రశ్నించాక మందు కాస్తా "ప్రసాదం" అయింది. మందైతే పరీక్షకి నిలబడాలి కదా మరి. శాకాహారులకి అదే ముద్దని బెల్లంలో ఇస్తారు. బెల్లంతోనే పని జరిగితే చేప ఎందుకు? ఈ ప్రశ్న వరసలో నిలబడ్డవాళ్ళకి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

సరే, ముద్ద రహస్యం వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. చేప రహస్యం మాత్రం ఎప్పుడో బయటపడింది.

కొరమీనునే ఎందుకు ఎంచుకున్నారు? చిన్న కవరులో, గుక్కెడు నీళ్ళలో, జూన్ ఎండలో గంటల తరబడి బతికేది అదే కాబట్టి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములుంటే, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. బొచ్చె, రాగండి అయితే ఆ కవర్లో ఎంతోసేపు నిలవవు. కొరమీనుకి మొప్పల పైన ఒక గది ఉంటుంది. దాని లోపలి పొర నిండా రక్తనాళాలే. చేప పైకొచ్చి గాలి గుటక వేసి ఆ గదిలో నింపుకుంటుంది.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే పందొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని పరీక్షించి చూశాడు. నీటి మట్టానికి కింద వల అడ్డం కట్టి, ఇలాంటి చేపల్ని పైకి రానివ్వలేదు. నిండా నీళ్ళున్నా అవి ఊపిరాడక చచ్చిపోయాయి.

ఆ తర్వాత బి.కె. దాస్. గాలి పీల్చే భారతీయ చేపల మీద ఈయన పరిశోధన 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. పిల్ల ఎదుగుతుండగా ఆ గాలి గది ఎలా తయారవుతుందో అందులో వివరించాడు. ఇంకో పాత కథకి కూడా ఆయన దగ్గర జవాబు దొరికింది. 1797లో అచ్చయిన ఒక లేఖలో డాల్డార్ఫ్ అనే అధికారి, తరంగంబాడిలో అనాబస్ అనే చేప తాటిచెట్టు ఎక్కుతుండగా పట్టుకున్నానని రాశాడు. అంతే, దానికి చెట్టెక్కే చేప అని పేరు పడిపోయింది. దాస్ ఏమన్నాడంటే, అది నేలమీద పాకుతుంటే కాకులో గద్దలో ఎత్తుకుపోయి కొమ్మల్లో పడేస్తాయి, మనం చూసి ఎక్కిందనుకుంటాం. నూటముప్పై ఏళ్ళ అద్భుతం, కాకి ముక్కుతో తేలిపోయింది!

ఈ దాస్ గారే తర్వాత హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు. చేపమందు పంచే ఊళ్ళోనే అన్నమాట.

మళ్ళీ మా పక్కింటికి వస్తాను. సుపేలా బజారులో బతికున్న కొరమీనుని కొని, బకెట్లో వేసి తీసుకెళ్ళాను. ఎన్నిసార్లు పైకొచ్చి గాలి మింగుతుందో బాబు లెక్కపెట్టాడు. తర్వాత కాగితం మీద గొంతు బొమ్మ గీసి చూపించాను. మింగింది ఏదైనా అన్నవాహికలోంచి కడుపులోకే పోతుంది. మింగేటప్పుడు ఊపిరి దారి మూసుకుంటుంది. ఉబ్బసం ఉన్నది ఊపిరితిత్తుల్లో, వాచి బిగుసుకుపోయిన చిన్న చిన్న గొట్టాల్లో. చేప అక్కడికి పోనే పోదు. ఒకవేళ పొరపాటున పోయిందా, ప్రాణం మీదికి రావచ్చు.

"మరి అన్ని వేలమంది వస్తారు కదండీ" అంది ఆవిడ.

నాలుగు రోజులు అదే వాదన. టికెట్లు రద్దు చేయించలేకపోయాను. బంధువులు ఊరుకోరట. దుర్గ్ స్టేషన్లో రైలెక్కేముందు బాబు చొక్కా జేబు తట్టి చూపించాడు. ఇన్‌హేలర్ ఉంది. బకెట్లో చేప ఏమైందని అడిగాడు. వాళ్ళమ్మ అప్పటికే పులుసు పెట్టేసిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.