పాలేరు నాటకం నుంచి కారంచేడు దాకా: కోనసీమ దారి

ఈసారి మన ఏజెన్సీ గురించి కాదు, గోదావరి దిగువనున్న కోనసీమ గురించి రాస్తున్నా. 2022 ఏప్రిల్ 4 దాకా అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలోనే, మన రంపచోడవరమూ అందులోనే. అయినా కోనసీమ అనగానే మనకి కొబ్బరితోటలే గుర్తొస్తాయి, అక్కడి కూలీల పేటలు గుర్తుకు రావు.

1911లో మామిడికుదురులో వ్యవసాయ కూలీల ఇంట పుట్టారు బోయి భీమన్న గారు. చదువుకుని "పాలేరు" నాటకం రాశారు. కథ చిన్నదే: ఆసామి దగ్గర పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. కోస్తా ఊళ్లలో చాలాచోట్ల ఆడారు. పిల్లాణ్ణి పశువుల వెంట పంపాలా, బడికి పంపాలా అన్న ప్రశ్నని పేటల మధ్యకి తెచ్చిన నాటకం అది. ఈరోజు మనం చేసే అవగాహన సదస్సుల కంటే అదే బాగా పనిచేసి ఉంటుందని నాకనిపిస్తుంది.

కానీ ఆ కథ ఉద్యోగం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత?

దానికి జవాబు భీమన్న గారి అల్లుడి జీవితంలో దొరికింది నాకు. కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం గారు. తండ్రి అప్పలస్వామి గారు అంబేద్కర్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మనిషి, అమలాపురం నుంచి శాసనసభకు వెళ్లారు. తారకం గారు లా చదివి నిజామాబాద్‌లో ప్రాక్టీస్ పెట్టి, ఊరూరా అంబేద్కర్ యువజన సంఘం కట్టారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది అయ్యారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చి బాధితుల వైపు వచ్చేశారు. మామగారి నాటకంలో కుర్రాడు ఎక్కిన మెట్టుని ఈయన కావాలనే దిగారన్నమాట. కత్తి పద్మారావు గారితో కలిసి దళిత మహాసభ కట్టారు. ఆ వేడిలోనే యూనివర్సిటీ హాస్టళ్లలో దళిత విద్యార్థులు సొంత సంఘాలు పెట్టుకోవడం పెరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో వచ్చింది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ రోడ్డెక్కి ఇళ్లు తగలబెట్టిన గుంపులో ఉన్నదీ కుర్రాళ్లే. వాళ్లనీ ఎవరో కూడగట్టారు, ఫోన్లలోనే.

ఇదంతా మనకెందుకంటారా? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పట్నుంచి ధర్నాలు చేస్తూనే ఉన్నాం. ఆ తీర్పు కాగితం మొత్తం చదివినవాళ్లు మన హాస్టల్లో ఎంతమంది? నేనూ నిరుడే చదివా. లా సెట్ రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే కామెంట్లో చెప్పండి, ఈ ఆదివారం కూర్చుని కలిసి చదువుదాం.