ఇంటి సౌర విద్యుత్తుతో కారు ఛార్జింగు

ఇంటి డాబాపై అమర్చిన సౌర ఫలకాలు ఉత్పత్తి చేసే విద్యుత్తుతో విద్యుత్ కారు బ్యాటరీని నింపుకొనే పద్ధతి ఇది. ఇందులో ప్రధానమైన చిక్కు సమయానికి సంబంధించినది. ఫలకాలు పగలు మాత్రమే పనిచేస్తాయి. ఉద్యోగస్తుల కార్లు సాధారణంగా రాత్రివేళ ఇంటివద్ద ఉంటాయి.

పనిచేయు విధానం

సూర్యరశ్మి సౌర ఫలకంపై పడినపుడు ఏకముఖ విద్యుత్తు (డి.సి.) పుడుతుంది. ఇన్వర్టరు దీనిని ఇంటిలో వాడే ఏకాంతర విద్యుత్తుగా (ఎ.సి.) మారుస్తుంది. కారులోని ఛార్జరు తిరిగి దీనిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఈ మార్పిడులలో కొంత విద్యుత్తు ఉష్ణరూపంలో వృథా అవుతుంది.

కావలసిన సామర్థ్యం

భారతదేశంలో 1 కిలోవాట్ సామర్థ్యం గల ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్ల విద్యుత్తునిస్తాయి. వీటికి సుమారు 10 చదరపు మీటర్ల నీడపడని స్థలం అవసరం. చిన్న విద్యుత్ కారు ఒక యూనిట్‌తో దాదాపు 7 కి.మీ. ప్రయాణిస్తుంది. రోజుకు 40 కి.మీ. తిరిగే కారుకు, నష్టాలతో కలిపి, 6 నుండి 7 యూనిట్లు కావాలి. అనగా ఇంటి అవసరాలు కాక, కారు కొరకే దాదాపు 2 కిలోవాట్ల ఫలకాలు ఉండాలి. మబ్బు పట్టిన రోజులలో ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

సమయపు చిక్కుకు పరిష్కారాలు

* పగటి ఛార్జింగు: కారు పగలు ఇంటివద్ద ఉండేవారికి ఇది సులువైన మార్గం. అయితే ప్రామాణిక ఎ.సి. ఛార్జింగులో కనీస విద్యుత్ ప్రవాహం 6 ఆంపియర్లు. 230 వోల్టుల వద్ద ఇది సుమారు 1.4 కిలోవాట్లు. ఫలకాల ఉత్పత్తి అంతకు తగ్గితే లోటును గ్రిడ్ భర్తీ చేస్తుంది.
* నెట్ మీటరింగ్: పగటి మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు ఇచ్చి, రాత్రి గ్రిడ్ నుండి తీసుకొంటారు. రెండింటి తేడాను బట్టి బిల్లు లెక్కిస్తారు. రాత్రి కారులోకి చేరేది గ్రిడ్ విద్యుత్తే అయినా, ఖాతాలో అది సౌర విద్యుత్తుతో సరిపోతుంది.
* గృహ బ్యాటరీ: పగటి విద్యుత్తును నిల్వచేసి రాత్రి వాడవచ్చు. దీనికి ఖర్చు ఎక్కువ.

కరెంటు పోయినపుడు

గ్రిడ్‌కు అనుసంధానించిన సాధారణ ఇన్వర్టరు, కరెంటు పోగానే మండుటెండలోనైనా ఆగిపోతుంది. తీగలపై మరమ్మత్తు చేసే సిబ్బందికి విద్యుదాఘాతం కలుగకుండా ఈ ఏర్పాటు చేస్తారు. అప్పుడు కూడా కారు నింపుకోవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉండాలి.

ప్రభుత్వ సహాయం

2024లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం సూర్య ఘర్ పథకం క్రింద, 3 కిలోవాట్లు లేక అంతకు మించిన గృహ వ్యవస్థకు 78,000 రూపాయల రాయితీ నిర్ణయించారు. సొంత డాబా లేని అపార్టుమెంటు వాసులకు కూడా ఇందులో అవకాశం ఉంది. వాహనాల ఛార్జింగుతో సహా ఉమ్మడి సదుపాయాల కొరకు నివాస సంఘాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ప్రకటించారు.

జాగ్రత్తలు

ఛార్జింగు గంటల తరబడి సాగుతుంది కనుక ప్రత్యేకమైన వైరింగు, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డుల ద్వారా ఛార్జింగు చేయరాదు.