అందరికీ తెరిచామన్న తరువాత: పుదుచ్చేరి గ్రంథాలయం, విద్యార్థులు

పుదుచ్చేరి గ్రంథాలయ చరిత్ర చెప్పేవారు సాధారణంగా రెండు సంవత్సరాలు చెప్పి ముగిస్తారు. 1827లో ఫ్రెంచి గవర్నరు దెబస్సెయిన్ ద రిష్‌మాఁ దాన్ని స్థాపించాడు. తెల్లవారికే పరిమితమైన ఆ సంస్థలోకి 1837లో అందరినీ రానిచ్చారు. ఆపైన పుస్తకాలు పెరిగాయి, 1966లో ఫ్రెంచి రచయిత రోమా రోలా శతజయంతికి ఆయన పేరు పెట్టారు, ఇప్పుడేమో సెల్‌ఫోన్ల వల్ల కుర్రకారు రావడం లేదు. చదివే మనిషి ఎక్కడ కూర్చున్నాడు, ఏ వెలుతురులో చదివాడు అన్న ఊసు ఈ కథలో ఎక్కడా ఉండదు.

నా పేచీ 1837తోనే. ఊరిని కాలువ రెండుగా చీల్చింది: సముద్రం వైపు తెల్లవారి పేట, పడమట స్థానికుల పేట. గ్రంథాలయం తూర్పున, పాలకుల వీధుల్లోనే ఉండిపోయింది. తరువాత కాల్వే కళాశాల వెలసిన మిషన్ వీధి కాలువకు పడమట ఉంది. అక్కణ్ణుంచి నడిస్తే ఎంతో దూరం లేదు. అయినా దొరల బంగళాల మధ్య నుంచి, రాజభవనం పక్కగా నడిచి వెళ్లి పుస్తకం అడగడమంటే స్థానికుల పిల్లవాడికి మాటలు కాదు. ఉత్తర్వులో రాయని అడ్డంకి అది.

అడ్డు వచ్చింది భాషే, చోటు కాదు అనవచ్చు. ఫ్రెంచి పుస్తకాలు ఫ్రెంచి రానివాడికెందుకు? ఆ మాటలో చాలా నిజముంది, కాదనను. అయితే ఫ్రెంచి నేర్చిన స్థానిక కుర్రాళ్ల సంగతో? వాళ్లకు భాష అడ్డు కాదు. పరాయి ఇంట్లో అడుగుపెట్టినట్టుండే బెరుకు మాత్రం మిగిలే ఉంటుంది. 1826లో అదే గవర్నరు పెట్టిన రాయల్ కాలేజీ కూడా తెల్లవారి పేటలోదే. బడీ గ్రంథాలయమూ ఒకే పేట మనుషుల కోసం పుట్టాయని మరిచిపోకూడదు.

చోటు ముఖ్యమన్న ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పినవాడు శీర్కాళిలో పుట్టిన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో వెలువడిన ఐదు సూత్రాల గ్రంథంలో, పుస్తకాలు వాడుకోవడానికే అన్న మొదటి సూత్రం కింద, గ్రంథాలయం ఎక్కడ కట్టాలి, ఏ వేళల్లో తెరవాలి, బల్లలూ కుర్చీలూ ఎలా ఉండాలి అన్నవాటికి పెద్దపీట వేశాడు. నేలమీద నిలబడ్డ మామూలు మనిషి చేతికి పై అర అందాలన్నాడు.

పుదుచ్చేరిలో దీనికి తోడు ఉప్పుగాలి. పాత ఫ్రెంచి ఇళ్లకు ఎత్తయిన పైకప్పు, మందపు గోడలు, చెక్క రెక్కల కిటికీలు. రెక్కలు ఎత్తితే గాలి ఆడుతుంది, చదివేవాడికి హాయి. పుస్తకానికి మాత్రం తేమ పడుతుంది, అట్ట ఉబ్బుతుంది. మూసేస్తే పుస్తకం బతుకుతుంది, చదివేవాడు ఉక్కకు లేచిపోతాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, ఈ తగువు మరీ ముదురుతుంది.

ఇక నేటి మాట. హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయం చూసినవారికి ఫోన్ల వాదన నిలవదని తెలుసు. అక్కడ ఉద్యోగ పరీక్షల కుర్రాళ్లు సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. వాళ్లకు కావలసింది ఫ్యాను, వెలుతురు, ప్లగ్ పాయింటు, ఎవరూ లేపని కుర్చీ. దీన్ని పతనమనేవారితో నేను ఏకీభవించను. కానీ నిండిన కుర్చీలే విజయమంటే అదీ ఒప్పుకోను, బీరువాకు తాళం పడి ఉంటే అది అద్దె లేని చదువుగదే.

మళ్లీ పుదుచ్చేరికి వస్తే, 1985లో ఏర్పడిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి ఆనందరంగ పిళ్లై పేరు పెట్టింది. తెలుగు కవి కస్తూరి రంగకవిని ఆదరించిన దినచర్యకారుడాయన. పేరు ఊరిది, భవనం మాత్రం ఊరికి ఉత్తరాన దూరంగా, కాలాపేట్‌లో ఉంది. యానాం నుంచి వచ్చి ఆ హాస్టళ్లలో ఉండేవాడికి అది పెరటి చెట్టే. పట్టణంలో గది అద్దెకు తీసుకున్న డిగ్రీ విద్యార్థికి బస్సు ప్రయాణం. వాడికి దగ్గరున్నది పాత తెల్లవారి పేటే. అదిప్పుడు హోటళ్లతో, పర్యాటకులతో వారాంతాల్లో కిక్కిరిసి ఉంటుంది.