వైన్‌లో మగ్గిన పుంజు, దేవనహళ్ళి ద్రాక్ష

ముదురు పుంజు మాంసం సన్నసెగ మీద చాలాసేపు మగ్గితే గానీ మెత్తబడదు. ఎర్ర వైన్ పోసి మగ్గించే ఫ్రెంచి వంట ‘కోకోవాన్’ అలాంటి పుంజుకు తగినదే. వైన్ కోసం చూస్తే, బెంగళూరు దగ్గరి దేవనహళ్ళి పరిసరాల్లో ద్రాక్షకు కొదవ లేదు. అయితే 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన ‘బెంగళూరు బ్లూ’ అమెరికా మూలాలున్న ఇసబెల్లా రకం. తోలు మందం, వాసన ఘాటు. రసానికీ, తియ్యటి పోర్టు వైన్‌కూ భేషుగ్గా ఉంటుంది. కోడికూరలో పోస్తే మాత్రం జామ్ వాసనే మిగులుతుంది.

తీపి లేని వైన్ 1990లలో పక్కనే దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చింది. నందికొండల దాపున వ్యాపారి కన్వల్ గ్రోవర్ ఫ్రెంచి రకాల తీగలు నాటించాడు. ఆ తర్వాత 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్ విధానం ప్రకటించింది. అలాంటి వైన్ సీసా దొరికినా బ్రాయిలర్ కోడి ఈ వంటకు నిలవదు, త్వరగా చితికిపోతుంది. నాటుపుంజే నయం: ముక్కలు ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు, వైన్ చేర్చి మూతపెట్టాలి.